నూనె తాగిన రైఫిలు

డిసెంబరులో ఒక ఆదివారం, జర్మనీలోని క్లాస్తాల్‌లో దయావతి వాళ్ళింట్లో ప్రార్థన ముగిసి అందరం భోజనాలకి కూర్చున్నప్పుడు, చలపతి గారి కంచంలోకి మునక్కాడల పులుసుతో పాటు రైఫిలు ఫైరింగ్ పిన్ ఒకటి వచ్చింది.

చలపతి గారు పక్క ఊరు గోస్లార్ నుంచి వస్తారు. ప్రార్థనకి రారు, ప్రార్థన ముగిసే వేళకి వస్తారు. ఆయన ఆ పిన్నుని మునక్కాడే అనుకుని, పద్ధతిగా రెండు వేళ్ళతో పట్టుకుని, ముందు పళ్ళ మధ్య పెట్టి ఒక లాగు లాగారు. ఏమీ రాలేదు. రెండోవైపు నుంచి లాగారు. అప్పుడూ ఏమీ రాలేదు. కంచం అంచున పెట్టేసి, "దయావతమ్మా, ఈ కాడ కొంచెం ముదిరింది తల్లీ," అన్నారు.

దాని చుట్టూ స్ప్రింగు కూడా ఉంది. ఆయన దాన్ని పీచు అనుకున్నారట.

ఇందులో దయావతి తప్పేమీ లేదు. ఫ్రీజరు అరలో రెండు ప్లాస్టిక్ సంచులున్నాయి. ఒకదాంట్లో ఇండియన్ షాపు మునక్కాడలు, ఇంకోదాంట్లో మొగుడు జయసాగర్ పెట్టిన పిన్ను. రెండూ మంచు పట్టి ఒకేలా తెల్లగా, వేలెడు పొడుగున ఉన్నాయి. ఆవిడ రెండు సంచులూ పులుసులోకి వంచేసింది. జయసాగర్ తప్పు కూడా లేదు. తుపాకీని, దాని బోల్టునీ ఆయన ఇనుప బీరువా దాటి ఒక్క నిమిషం ఉంచడు. బోల్టులోంచి ఊడదీసిన పిన్ను, తూటాని గుద్ది పేల్చేది, అదొక్కటే చట్టం ప్రకారం బయట ఉండొచ్చని కనుక్కుని మరీ ఫ్రీజర్లో పెట్టాడు. చలికి దాని స్ప్రింగు బిగుసుకుంటోందేమో చూద్దామని.

అందరం చలపతి గారి పళ్ళ వైపు చూస్తుంటే, జయసాగర్ ఒక్కడే పులుసు గిన్నెలోకి వంగి చూస్తున్నాడు. పులుసు మీద నూనె కళ్ళు కళ్ళుగా తేలుతోంది. దయావతి పులుసులో అంత నూనె వెయ్యదు.

"శాంతక్కా," అన్నాడు నాతో, మనిషి పోయిన ఇంట్లో మాట్లాడినట్టు. "ఇదంతా పిన్ను మీదదే."

ఆ రోజు అందరం ఆవకాయతో తిన్నాం.

జయసాగర్‌ది నిజాంపట్నం. వాళ్ళ నాన్న రేవులో పడవ ఇంజన్లు బాగుచేసేవాడు. ఉప్పుగాలికి అక్కడ మేకు కూడా వారం తిరక్కుండా తుప్పు పడుతుంది. "నూనె తాగని ఇనుము బతకదురా," అనేవాడట ఆ పెద్దాయన. ఇంట్లో తలుపు బందులకీ, కుట్టుమిషనుకీ, సైకిలు గొలుసుకీ, ఆఖరికి చర్చి గంట కొక్కేనికి కూడా ఆయనే నూనె తాగించేవాడు. కొడుకు లోహాల చదువు చదివి, ఇక్కడి యూనివర్సిటీకొచ్చి, ఇక్కడే ఒక ల్యాబులో ఉద్యోగంలో చేరాడు. ఉక్కు కడ్డీని మిషన్లో బిగించి, విరిగేదాకా లాగి, ఎంత లాగితే విరిగిందో రాయడం ఆయన పని. చలికి ఉక్కు ఏమవుతుందో చెప్పి జీతం తీసుకునే మనిషి. చలికి నూనె ఏమవుతుందో ఆయన్ని ఎవరూ అడగలేదు, ఆయన్ని ఆయనా అడుక్కోలేదు. నూనె చదువులోది కాదుగా. నూనె నాన్నది.

వేట ఎలా అంటుకుందంటే, కింది అంతస్తులో హెర్ బ్రాండెస్ అని రిటైరైన ఫారెస్టు మనిషి ఉండేవాడు. ఒకరోజు తలుపు కొట్టి, ముక్కు మూసుకుని అడిగాడు.

"మీ ఇంట్లో ఏదైనా చనిపోయిందా?"

"అవునండీ, చేప," అన్నాడు జయసాగర్. "మా ఊళ్ళో, పోయిన వేసవిలో."

దయావతి ఎండు సావిడాయలు వేయిస్తోంది మరి. పెద్దాయన కాసేపు ఆలోచించి నవ్వాడు. మర్నాడు కాగితంలో చుట్టి దుప్పి మాంసం తెచ్చాడు, తన వైపు నుంచి కూడా ఒక వాసన ఉండాలన్నట్టు. దయావతి దాన్ని మిరియాలేసి వేపుడు చేసి సగం కిందికి పంపింది. అలా మొదలైంది.

ఆ చలికాలం బ్రాండెస్ ఆయన్ని అడవికి తీసుకెళ్ళాడు. తుపాకీతో కాదు, కర్రతో. వేటగాళ్ళు అంచుల్లో కాపు కాస్తే, కర్రలు పట్టుకున్నవాళ్ళు వరసగా అరుచుకుంటూ పోయి జంతువుల్ని లేపాలి. పొదల్లో, గుట్టల మీద, మోకాలు లోతు మంచులో. చేతిలో వాకీటాకీ. మధ్యలో ఎవరో "ఇక్కడ చాలా ష్వైస్ ఉంది," అన్నారు. ష్వైస్ అంటే చెమట, జర్మన్ క్లాసులో మొదటి నెలలోనే చెప్పేస్తారు. మన జయసాగర్ తడిసి ముద్దయి ఉన్నాడు. స్నేహంగా ఉంటుంది కదా అని, "నా దగ్గర కూడా చాలా ఉంది, చొక్కా అంతా," అన్నాడు.

వేట ఆగిపోయింది. నలుమూలల నుంచి మనుషులు మందుల పెట్టెలు పట్టుకుని పరిగెత్తుకొచ్చారు. ఒకాయన జయసాగర్‌ని మంచులో పడుకోబెట్టి చొక్కా గుండీలు తెంపేశాడు కూడా. వేటగాళ్ళ భాషలో ష్వైస్ అంటే నెత్తురట. జంతువు నెత్తుర్ని నెత్తురనరు, చెమట అంటారు.

ఇంటికొచ్చి చెబితే దయావతి, "చెమట నెత్తురులా పడింది ప్రభువుకి ఒక్క గెత్సేమనే తోటలోనే అనుకున్నాను. మీ వాళ్ళకి ప్రతి శనివారమూనా?" అంది.

కానీ ఆ రోజు నుంచే ఆయన వాళ్ళలో ఒకడయ్యాడు. అది నేను చూశాను. ఇక్కడ పదిహేనేళ్ళుగా ఉన్నా, బేకరీలో ఇప్పటికీ ఆయనతో ఇంగ్లిష్‌లో మాట్లాడతారు. అడవిలో మాత్రం "మన జయా" అంటారు, భుజం మీద చరుస్తారు, మంట దగ్గర సూప్ గిన్నె అందిస్తారు. ఆయన కూర్చుని పరీక్ష చదివి, లైసెన్సు తెచ్చుకున్నాడు. బ్రాండెస్ తన పాత రైఫిలు ఆయన పేరిట రాయించి, తను కౌలుకి తీసుకున్న వేటభూమిలో కాల్చుకునే అనుమతి ఇచ్చాడు. ఇక్కడ లైసెన్సు ఉంటే సరిపోదు. ఎవరి భూమిలోనో ఎవరో రానివ్వాలి. లేకపోతే తుపాకీ బీరువాలో, మనిషి బాల్కనీలో.

రైఫిలు చేతికి రాగానే జయసాగర్ మొదట చేసిన పని ఊహించే ఉంటారు. బోల్టు విప్పి, నాన్నని తలుచుకుని, లోపలా బయటా నూనె తాగించాడు.

మొదటి చలికాలం, మంచె మీద, గడ్డకట్టే చలిలో ఎర్ర దుప్పి వచ్చి నిలబడింది. మంచె అంటే మన చేల కాపలా మంచె లాంటిదే, కాకపోతే తలుపూ కిటికీ ఉంటాయి. ఆయన గురిపెట్టి నొక్కాడు. టిక్. పక్కింటివాళ్ళు గొళ్ళెం పెట్టుకున్నంత చప్పుడు. దుప్పి తలెత్తి, ఎవరూ అని చూసి, నడిచి వెళ్ళిపోయింది. రెండో చలికాలం మళ్ళీ టిక్. ఆ తర్వాతా అంతే. వేసవిలో గురి సాధన చేసే రేంజికి తీసుకెళ్తే ఒక్క తూటా తప్పేది కాదు. రేంజిలో బంగారం, మంచె మీద గొళ్ళెం.

టిక్కుమన్నప్పుడల్లా ఆయన రెండు పనులు చేసేవాడు. ఇంటికొచ్చి ఇంకాస్త నూనె పోసేవాడు. తర్వాత ఏదో ఒకటి కొనేవాడు. చలికి పనికొచ్చే జాకెట్టు కొన్నాడు. చెయ్యెత్తితే చిప్స్ ప్యాకెట్టు నలిపినట్టు చప్పుడు. జేబులకి అతుకు పట్టీలున్న ప్యాంటు కొన్నాడు. జేబు తెరిస్తే చీర చిరిగినట్టు చప్పుడు, లోయ అవతల పందులు కూడా లేచిపోయాయి. మూడు వేళ్ళ చేతి తొడుగులు కొన్నాడు. కొత్త స్కోపు బిగించాడు. కాళ్ళు పెట్టుకునే ఉన్ని సంచీ కొన్నాడు. దాంట్లో దిగబడితే మెట్లు దిగాలన్నా ముందు దాంట్లోంచి దిగాలి. ఇన్ని మోసుకుంటూ వెళ్ళి ఖాళీ చేతుల్తో వచ్చేవాడు.

వాళ్ళమ్మాయి లిండా మాంసం మానేసి రెండేళ్ళయింది. తండ్రి ఖాళీగా వచ్చినప్పుడల్లా మేడ మీద నుంచి, "గాట్ సై డాంక్!" అని అరిచేది. దేవునికి స్తోత్రం అని. దయావతి మొదట్లో పిల్లకి భక్తి కుదిరిందనుకుని చర్చిలో సాక్ష్యం కూడా చెప్పింది.

ఇంతవరకూ నవ్వులాటే. కిందటేడు బ్రాండెస్‌కి మోకాళ్ళు పూర్తిగా పోయాయి. వేటభూమి కౌలు అల్లుడు ఆరెన్స్ పేరిట మారింది. ఆరెన్స్ చెడ్డవాడు కాదు, తొందరపాటు మనిషి. ఇక్కడి అడవి చూస్తే ఆయన తొందర అర్థమవుతుంది. పురుగు పట్టి కొండకి కొండ స్ప్రూస్ చెట్లు నిలువునా ఎండిపోయాయి, బూడిద రంగు కట్టెలు. వాటి మధ్య కొత్త మొక్కలు నాటితే దుప్పులొచ్చి చిగుళ్ళు కొరికేస్తున్నాయి. అడవి మళ్ళీ లేవాలంటే దుప్పులు తగ్గాలి. ఆరెన్స్ ఆ నవంబరులో జయసాగర్‌తో అన్నాడు:

"జయా, నువ్వంటే అందరికీ ఇష్టం. కానీ నాకు కాల్చేవాళ్ళు కావాలి. జనవరి ఆఖరికల్లా నీ దుప్పి మన కోల్డ్‌రూములో వేలాడాలి. లేకపోతే వసంతం నుంచి నీ చోటు ఇంకొకరికి."

జయసాగర్ చుట్టుపక్కల వేటభూముల వాళ్ళందరినీ ఒక్కొక్కర్నే అడిగి చూశాడు. అందరూ మర్యాదగానే, మాకు మనుషులున్నారన్నారు. అంటే ఈ అడవి పోతే ఇంకో అడవి లేదు. ఇంకో మంట లేదు, ఇంకో సూప్ గిన్నె లేదు. అందుకే ఆ పిన్ను ఫ్రీజర్లోకి వెళ్ళింది, పులుసులోకి వచ్చింది.

భోజనాలయ్యాక పిన్నుని సబ్బుతో కడిగి, గుడ్డలో చుట్టి, నన్ను కూడా లాక్కుని కిందికి బ్రాండెస్ దగ్గరికెళ్ళాడు. పెద్దాయన కుర్చీలోంచి లేవకుండా అంతా విన్నాడు.

"ఇంత నూనె పెట్టమని ఎవరు చెప్పారు నీకు?"

"మా నాన్న."

"మీ నాన్న ఊళ్ళో ఎంత చలి?"

జయసాగర్ ఆలోచించాడు. "జనవరిలో తెల్లారగట్ల చొక్కా వేసుకుంటాం."

పెద్దాయన కళ్ళు మూసుకున్నాడు. తర్వాత ఓపిగ్గా చెప్పాడు. గడ్డకట్టే చలికి నూనె జిగురవుతుంది. పిన్ను జిగురులో ఈదుకుంటూ వెళ్ళి తూటాని తట్టేసరికి దాని బలం అయిపోతుంది. గుద్దాల్సింది గోకుతుంది. స్పిరిటుతో కడుగు, ఆరబెట్టు, ఒక్క చుక్క కూడా వెయ్యకు.

"తుప్పు పడుతుందేమో," అన్నాడు జయసాగర్, ప్రాణం ఒప్పుకోక.

"పట్టనీ. తుప్పు పట్టిన రైఫిలు పేలుతుంది. నీది స్నానం చేస్తోంది."

ఆ రాత్రి ఆయన బోల్టు మొత్తం కడిగాడు. పొడి ఇనుముని చూస్తూ చాలాసేపు కూర్చున్నాడని దయావతి చెప్పింది. నాన్న ఫొటో అటు తిప్పి పెట్టాడని కూడా చెప్పింది కానీ, దయావతి మాటల్లో కొంత తీసెయ్యాలి.

రైఫిలు బాగైంది. దుప్పులు రాలేదు. డిసెంబరంతా వాన, జనవరి సగం పొగమంచు. ఆయన సెలవులు పెట్టి మరీ వెళ్ళి కూర్చున్నాడు. వచ్చాడు, స్తోత్రం విన్నాడు, పడుకున్నాడు.

జనవరి ఆఖరి రోజున మంచు కురిసి ఆగి, ఆకాశం గాజులా అయింది. దయావతికి ఓల్డేజ్ హోములో డ్యూటీ. "మంచులో ఒక్కణ్ణీ పంపను, నువ్వెళ్ళక్కా," అంది. నా జాకెట్టు చప్పుడు చేస్తుందని విప్పించేసి, బ్రాండెస్ పాత ఉన్ని అంగీ నాకు తగిలించారు. అందులో ఇంకో మనిషికి చోటుంది. ఫ్లాస్కులో మిరియాల చారు తెచ్చుకున్నాను. మూత తీస్తే వాసనొస్తుందని తియ్యనివ్వలేదు.

"అక్కా, ఊపిరి మెల్లగా తియ్యి," అన్నాడు మంచె మీద, పెదాలు కదలకుండా.

"మానెయ్యమంటావా?"

"వీలైతే."

పొద్దు వాలుతోంది. ఎండిపోయిన చెట్ల మధ్య మంచు నీలంగా మారింది. నాకు కాళ్ళున్న సంగతి మర్చిపోయాను. అప్పుడు ఎదుటి వాలులోంచి అది వచ్చింది. నేనంతకుముందు దుప్పిని ప్లేటులోనే చూశాను. ఇది ఎత్తుగా, గోధుమ రంగులో, కొమ్ములు మోయడం అలవాటైపోయిన రాజుగారిలా వచ్చి, అడ్డంగా నిలబడి, మొక్కల కంచె వైపు చూసింది.

జయసాగర్ గురిపెట్టాడు. ఆయన కళ్ళు మూసుకుంటాడేమోనని నాకనిపించింది. మూసుకోలేదు.

పేలింది. మంచె అంతా ఊగింది. దుప్పి ఎగిరి, వంగి, వాలు కిందికి పరిగెత్తి కనపడకుండా పోయింది.

"తగిలిందక్కా," అన్నాడు. "అది ఎగిరిన తీరు చూశావా, ఊపిరితిత్తులకే. అలా తగిలితే కాస్త దూరం పరిగెత్తి పడుతుంది."

"అయితే పద!"

"వెంటనే పోకూడదు. ఒక సిగరెట్టు కాలేంతసేపు ఆగాలి. పద్ధతి."

"నువ్వెప్పుడు సిగరెట్టు కాల్చావు?"

"లేదు. అందుకే మనసులో పాట పాడుకుంటాను, మూడు చరణాలు. మాట్లాడించకు, మళ్ళీ మొదట్నించి పాడాలి."

అన్నేళ్ళలో ఆ పాట పాడుకునే అవసరం రావడం ఆయనకి అదే మొదటిసారి. నేను మళ్ళీ మొదట్నించి పాడించాననుకుంటాను, చాలాసేపే పట్టింది.

దిగాం. మంచు మీద ఎర్రటి చుక్కలు, బుడగలు బుడగలుగా. ఆయన వంగి చూసి, "ష్వైస్," అన్నాడు, పసిబిడ్డ పేరు చెప్పినట్టు. చుక్కల వెంట వాలు దిగాం. కింద ట్రాక్టర్లు వెళ్ళే అడవి దారి ఉంది. చుక్కలు దారి ఇవతల అంచుకొచ్చాయి. దారి మీద ఉన్నాయి. దారి అవతల, పది అడుగుల్లో, పచ్చటి చెట్ల కింద దుప్పి పడి ఉంది. చచ్చిపోయింది.

నేను పరిగెత్తబోయాను. జయసాగర్ నా అంగీ పట్టుకుని ఆపాడు.

"అక్కా, ఆగు. ఆ వైపు మనది కాదు."

దారే హద్దు. అవతలి వేటభూమి వెడెకింట్ అనే ఆయనది. తుపాకీ పట్టుకుని ఆ దారి దాటితే దొంగవేట. మామూలుగా పక్కపక్క భూముల వాళ్ళు, మీ జంతువు మా వైపు పడితే మీదే అని ఒప్పందం రాసుకుంటారట. బ్రాండెస్, వెడెకింట్ ఎప్పటి కుక్క గొడవతోనో మాటలు మానేసిన మనుషులు. ఒప్పందం లేదు. పడ్డ చోటు ఎవరిదో దుప్పి వాళ్ళది.

జయసాగర్ ఆరెన్స్‌కి ఫోన్ చేశాడు. ఆరెన్స్ సరిగ్గా ఎక్కడ పడిందో అడిగి తెలుసుకున్నాడు. తర్వాత, "మంచి దెబ్బ, జయా. కానీ అది మన కోల్డ్‌రూములోకి రాదు," అన్నాడు.

వెడెకింట్ బండేసుకుని వచ్చాడు. పెద్ద మనిషి, మర్యాదస్తుడు. దారి మధ్యకొచ్చి జయసాగర్ చెయ్యి పట్టుకుని ఊపి, "వైడ్‌మన్స్‌హైల్," అన్నాడు. వేటగాడికి చెప్పే అభినందన. జయసాగర్ నేర్చుకున్న ప్రకారం, "వైడ్‌మన్స్‌డాంక్," అన్నాడు.

ఇంకో మర్యాద ఉంది. చచ్చిన దుప్పి నోట్లో పచ్చటి కొమ్మ పెట్టాలి, ఆఖరి ముద్ద అని. కాల్చినవాడు పెడతాడు. జయసాగర్ తుపాకీ నాకివ్వకూడదు, కింద పెట్టకూడదు, కాబట్టి దారి దాటలేడు. అయినా కొమ్మ కోసం చుట్టూ చూశాడు. మన వైపు కొండంతా ఎండు కట్టెలే. పచ్చటి చెట్లు ఆ వైపే ఉన్నాయి. వెడెకింట్ ఒక కొమ్మ విరిచి దుప్పి నోట్లో పెట్టాడు. జయసాగర్ దారికి ఇవతల నిలబడి టోపీ తీశాడు. తర్వాత వాళ్ళు దాన్ని బండికెక్కించుకుని వెళ్ళిపోయారు. మంచు మీద గుర్తు మాత్రం దారికి రెండు వైపులా ఉంది.

ఇంటికొచ్చేసరికి లిండా మెట్ల మీద ఉంది.

"ఉన్డ్?" అంది. ఏమైందని.

"పేలింది. పడింది," అన్నాడు తండ్రి.

లిండా ఆయన చేతుల వైపు చూసింది, నా వైపు చూసింది. స్తోత్రం చెప్పలేదు. తండ్రి భుజం మీంచి సంచీ తీసి లోపలికి మోసుకెళ్ళింది.

ఆరెన్స్ మాట తప్పే మనిషి కాదు. ఆ చోటు ఎవరో పళ్ళ డాక్టరుకి వెళ్ళింది. బ్రాండెస్ అల్లుడితో గట్టిగానే మాట్లాడాడట. మోకాళ్ళతో పాటు మాట కూడా పోయిందని ఆ రోజే తెలిసింది పెద్దాయనకి. ఇప్పుడు శనివారాలు జయసాగర్ కిందికెళ్ళి ఆయన పక్కన కూర్చుంటాడు. ఇద్దరూ కిటికీలోంచి ఎండిన కొండ వైపు చూస్తారు. రైఫిలు బీరువాలో, పొడిగా, ఎంత చలికైనా పేలడానికి సిద్ధంగా ఉంది. తీసుకెళ్ళడానికి చోటు లేదు.

ఫిబ్రవరిలో ఒక సాయంత్రం నేను వాళ్ళింట్లో టీ తాగుతుంటే ఫోన్ మోగింది. ఉల్లిపాయలు తరుగుతున్న దయావతికీ వినపడాలని జయసాగర్ స్పీకర్లో పెట్టాడు. వెడెకింట్.

"ఆ దుప్పి సంగతి," అన్నాడాయన, కష్టంగా ఉన్నా చెప్పక తప్పదన్నట్టు. "ఇవాళ ముక్కలు కొట్టించాం. మీ తూటా అవతలి జబ్బలోంచి బయటికొచ్చింది. ఆ జబ్బ మాంసమంతా చితికిపోయింది, ఒక్క ముక్క పనికి రాలేదు. ఇంకాస్త వెనక్కి కాల్చి ఉండాల్సింది కదండీ."

దయావతి కత్తి ఆగిపోయింది. జయసాగర్ టీ కప్పు కింద పెట్టి, ఫోన్ వైపు మర్యాదగా వంగాడు.

"మన్నించండి హెర్ వెడెకింట్, కాల్చేటప్పుడు అది మీదని నాకు తెలీదు."